బీపీడీ థెరపీలో డిఫెన్సులు: లోపల మార్పు వస్తోందని ఎలా తెలుస్తుంది?

మాధవి_ఆర్

అందరికీ నమస్కారం. మా అక్కకి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (బీపీడీ, అంటే భావోద్వేగాలు, బంధాలు, తన గురించిన భావన నిలకడగా ఉండని సమస్య) అని చెప్పారు. చాన్నాళ్లుగా థెరపీకి వెళ్తోంది. తనను తాను గాయపరచుకోవడం దాదాపు ఆగిపోయింది, దానికి మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. కానీ మనుషుల విషయంలో మాత్రం అదే తీరు.

ఈమధ్య థెరపిస్ట్ ముందే చెప్పి సెలవు పెట్టారు. అంతకు ముందు రోజు దాకా "ఈ ప్రపంచంలో నన్ను అర్థం చేసుకున్నది ఆవిడొక్కరే" అన్న మా అక్క, ఆ సాయంత్రం "మొదటి నుంచీ నటనే, ఫీజు కోసం వింటోంది" అంటూ ఆవిడ నంబర్ డిలీట్ చేసేసింది. "సెలవే కదా అక్కా" అన్నానంతే. "నువ్వూ ఆవిడ పార్టీయే" అని నాతో మాట్లాడటం మానేసింది.

దీన్ని స్ప్లిట్టింగ్ (మనిషిని పూర్తిగా మంచిగానో పూర్తిగా చెడుగానో చూడటం) అంటారని, అదొక డిఫెన్స్ అని థెరపిస్ట్ చెప్పారట. అక్కకి ఆ మాట అస్సలు నచ్చలేదు. "నేను చచ్చేంత బాధపడుతుంటే నాటకం అంటున్నారు" అని ఒకటే ఏడుపు. డిఫెన్స్ అంటే కావాలని చేస్తున్నట్టేనా? ఇది థెరపీతో మారుతుందా? మారుతుంటే ఇంట్లో ఉన్న మాకు ఎలా తెలుస్తుంది?

వసుధ_సైకాలజిస్ట్

మాధవి గారూ, మొదటి ప్రశ్నకి జవాబు సూటిగా చెప్తాను. కావాలని చేస్తున్నది కాదు. భరించలేని భావం ఏదో పైకి వస్తున్నప్పుడు మనసు మనల్ని అడక్కుండా చేసే పని పేరే డిఫెన్స్. మానసిక విశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ 1936లోనే వీటిని వరుసగా వివరించారు. తర్వాత సైకియాట్రిస్ట్ జార్జ్ వేలంట్ వీటిని మెట్లుగా అమర్చారు. కింది మెట్టు మీద వాస్తవాన్నే చెరిపేసేవి ఉంటాయి, పై మెట్టు మీద హాస్యం, ముందుచూపు, బాధను కాసేపు పక్కన పెట్టి పని చూసుకోగలగడం లాంటివి ఉంటాయి. డిఫెన్సులు లేని మనిషి ఉండడు. ఒత్తిడి పెరిగినప్పుడు ఏ మెట్టుకి జారిపోతాం అన్నదే తేడా.

బీపీడీ విషయంలో సైకియాట్రిస్ట్ ఒట్టో కెర్న్‌బర్గ్ 1967లో రాసింది ఇప్పటికీ పనికొస్తుంది. 'నేనెవరు' అన్నది నిలకడగా లేకపోవడం, ఆదిమ స్థాయి డిఫెన్సులు, అయినా వాస్తవం మీద పట్టు చాలావరకు చెక్కుచెదరకపోవడం, ఈ మూడింటి కలయికగా ఆయన దీన్ని చూశారు. ఆ డిఫెన్సుల్లో నడిమధ్యన ఉండేదే స్ప్లిట్టింగ్. ఒకే మనిషిలో మంచీ చెడూ రెండూ ఉన్నాయన్న సంగతి మీ అక్కకి తెలియక కాదు. కోపం తన్నుకొచ్చిన ఆ నిమిషంలో రెంటినీ కలిపి పట్టుకోవడం చాతకావట్లేదు. మనసులో ఉన్న మంచి థెరపిస్ట్ బొమ్మని తన కోపం కాల్చేయకుండా ఉండాలంటే ఆ రెంటినీ వేరు చేయాలి. మనసు అదే చేసింది. నంబర్ డిలీట్ చేసింది ద్వేషంతో అనుకుంటాం. చాలాసార్లు దాని కింద 'నన్ను వదిలేసి వెళ్తోంది' అన్న భయం ఉంటుంది.

ఇంకొక మాట. "ఇది స్ప్లిట్టింగ్" అని పేరు పెట్టి చెప్పడం ఆ సమయానికి సాయం చేయకపోవచ్చు. కర్ర ఊతంతో నిలబడ్డ మనిషి దగ్గర కర్ర లాక్కుంటే నడక రాదు, పడిపోతారు. ముందు భయాన్ని గుర్తించి చెప్పాలి, డిఫెన్స్ సంగతి తర్వాత.

విహారి_డీబీటీ

వసుధ గారి వివరణ బాగుంది. కానీ నా అభ్యంతరం కూడా చెప్పాలి. నేను డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డీబీటీ, పొంగే భావోద్వేగాల్ని తట్టుకునే నైపుణ్యాలు నేర్పే చికిత్స) నేర్చుకుని అదే చేస్తున్నాను. డిఫెన్స్ అనే భాషే పేషెంట్‌ని ముద్దాయిగా నిలబెడుతుందని నా అనుభవం. "నువ్వు అన్నది అసలు విషయం కాదు, అసలు విషయం నాకు తెలుసు" అన్నట్టు వినిపిస్తుంది. మాధవి గారి అక్క బాధపడింది కూడా అందుకే.

డీబీటీని రూపొందించిన మార్షా లినహాన్ 1991లో ప్రచురించిన ట్రయల్లో ఏడాది పాటు డీబీటీ తీసుకున్నవాళ్లలో తమని తాము గాయపరచుకోవడం తగ్గింది, ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గాయి, థెరపీ మధ్యలో మానేసేవాళ్లూ తగ్గారు. 2006లో ఆమె బృందమే డీబీటీని ఈ రంగంలో అనుభవం ఉన్న నిపుణుల థెరపీతో పోల్చింది. ఆత్మహత్యా ప్రయత్నాలు డీబీటీ వైపు దాదాపు సగమే. ఇవి కంటికి కనబడే మార్పులు. భావోద్వేగం పొంగినప్పుడు ఏం చేయాలో నేర్పండి, సాధన చేయించండి, మనిషి బతుకుతుంది. అచేతనంలో ఏముందో తవ్వుకుంటూ కూర్చునే టైమ్ చాలామందికి ఉండదు.

సుజాత_రీసెర్చ్

విహారి గారూ, ప్రాణం ముందు అన్నదానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ మాధవి గారు అడుగుతున్నది ఆ తర్వాతి సంగతి. గాయపరచుకోవడం ఆగాక కూడా మిగిలిపోయిన దాని గురించి ఆమె అడుగుతున్నారు. దీని మీద మంచి డేటా ఉంది.

మేరీ జనరీనీ బృందం అమెరికాలోని మెక్లీన్ హాస్పిటల్‌లో 1992లో మొదలుపెట్టిన అధ్యయనంలో బీపీడీ ఉన్న 290 మందిని ఏళ్ల తరబడి రెండేళ్లకొకసారి కలుస్తూ వచ్చారు. పదేళ్లకి 93 శాతం మందిలో లక్షణాలు కనీసం రెండేళ్ల పాటు నిలకడగా తగ్గాయి. ఈ జబ్బు జీవితాంతం ఇంతే అనే పాత నమ్మకాన్ని ఆ అంకె పడగొట్టింది. కానీ అదే పదేళ్లలో పూర్తిగా కోలుకున్నవాళ్లు, అంటే లక్షణాలు తగ్గడంతో పాటు కనీసం ఒక దగ్గరి బంధం నిలబెట్టుకుని, ఉద్యోగమో చదువో సరిగ్గా సాగించగలిగినవాళ్లు, 50 శాతమే. ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే చాలా కుటుంబాలు బతుకుతున్నాయి.

ఆ బృందమే 2013లో, 16 ఏళ్ల డేటాతో, డిఫెన్సుల మీద పేపర్ ప్రచురించింది. మొత్తం 19 డిఫెన్సుల్ని కొలిచారు. కాలం గడిచేకొద్దీ వాటిలో 13 మెరుగుపడ్డాయి. మొత్తం 19లో ఎవరు ముందుగా కోలుకుంటారో సూచించినవి నాలుగు. యాక్టింగ్ అవుట్ (భావాన్ని మాటల్లో చెప్పకుండా చేతల్లో చూపేయడం), ప్రొజెక్షన్ (తనలోని భావాన్ని ఎదుటివాళ్లలో ఉన్నట్టు చూడటం), ఎమోషనల్ హైపోకాండ్రియాసిస్ అనే మూడు ఎంత తక్కువైతే, హాస్యం ఎంత ఎక్కువైతే, కోలుకునే అవకాశం అంత మెరుగు. ఆ మూడో పేరు చాలామందికి కొత్త. 'నా బాధ ఎంతదో నువ్వు ఒప్పుకోవాలి, ఒప్పుకునేదాకా వదలను' అన్న ఆరాటం అది. పైగా ఎంత ఒప్పుకున్నా సరిపోదు.

గమనించండి, ఆ నాలుగింటిలో స్ప్లిట్టింగ్ లేదు. ఈ పేషెంట్లలో స్ప్లిట్టింగ్ ఎక్కువగా ఉన్న మాట నిజం. అయినా కోలుకోవడాన్ని విడిగా ముందే చెప్పిన జాబితాలో అది రాలేదు. మనం ఎప్పుడూ స్ప్లిట్టింగ్ గురించే మాట్లాడుకుంటాం కాబట్టి ఇది గట్టిగా చెప్పాలనిపించింది.

విహారి_డీబీటీ

నాకు తెలిసి ఆ అధ్యయనంలో డిఫెన్సుల్ని కొలిచింది ప్రశ్నావళితో. అచేతనంగా జరిగే పనిని అదే మనిషిని అడిగి ఎలా కొలుస్తారు? డినయల్‌లో (వాస్తవాన్ని ఒప్పుకోని స్థితిలో) ఉన్నవాళ్లు "నేను డినయల్‌లో ఉన్నాను" అని టిక్ పెడతారా?

సుజాత_రీసెర్చ్

న్యాయమైన ప్రశ్న. వాళ్లు వాడింది మైఖేల్ బాండ్ రూపొందించిన డిఫెన్స్ స్టైల్ ప్రశ్నావళి. అది డిఫెన్స్‌ని నేరుగా పట్టుకోదు. దాని జాడ మనిషికి తన గురించి తెలిసినంత వరకే పట్టుకుంటుంది. ఆ పరిమితి ఉంది.

అందుకే క్రిస్టఫర్ పెర్రీ వేరే దారి పట్టారు. సెషన్ రికార్డింగుని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, శిక్షణ ఉన్న రేటర్లు మాట మాటా చదివి, ఎక్కడ ఏ డిఫెన్స్ పనిచేసిందో గుర్తిస్తారు. 30 డిఫెన్సులు, 7 స్థాయిలు. అన్నీ కలిపి 1 నుంచి 7 మధ్య ఒక స్కోర్ వస్తుంది. పేషెంట్ తన గురించి ఏం అనుకుంటున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మాట ఎక్కడ తెగింది, కోపం ఎక్కడ నవ్వుగా మారింది, తన కోపం ఎదుటివాళ్ల కోపంగా ఎక్కడ కనబడింది అన్నదే లెక్క. శ్రమ ఎక్కువ, అందుకే ఇలాంటి అధ్యయనాలు చిన్నవిగా ఉంటాయి. పెర్రీ, బాండ్ కలిసి 2012లో ప్రచురించిన దాంట్లో రకరకాల సమస్యలున్న 21 మందే. కానీ మొదటి రెండున్నరేళ్లలో డిఫెన్సులు ఎంత పైకి జరిగాయన్నదాన్ని బట్టి ఐదేళ్ల నాటికి వాళ్ల లక్షణాలు, జీవితం ఎలా ఉంటాయో చెప్పగలిగారు. చిన్న అధ్యయనమే అయినా నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

కొత్త_పేజీ

నేను ఈ డయాగ్నోసిస్ ఉన్న మనిషిని. ఇప్పుడు ప్రమాణాల ప్రకారం లేదంటున్నారు. మీ చర్చ చదువుతుంటే లోపలి నుంచి కొంచెం చెప్పాలనిపించింది.

స్ప్లిట్ అయినప్పుడు 'ఇప్పుడు నేను ఈవిడని చెడ్డదిగా చూస్తున్నాను' అని అనిపించదు. 'ఇన్నాళ్లకి నిజం కనబడింది' అనిపిస్తుంది. అంత స్పష్టంగా, అంత ఖచ్చితంగా. అప్పుడు పాత మంచి జ్ఞాపకాలు గుర్తుకు తెచ్చినా 'అప్పుడు మోసపోయాను' అనే అర్థమవుతుంది. అందుకే వాదించి లాభం లేదు.

నా మార్పు ఎలా ఉందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకసారి సెషన్ మధ్యలో నా థెరపిస్ట్ గోడ గడియారం వైపు చూశారు. లోపల ఏదో కాలింది. పాత నేనైతే అప్పుడే లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని, రాత్రి పది మెసేజ్‌లు పెట్టేదాన్ని. ఆరోజు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుని, "మీరు గడియారం చూశారు. నేనంటే విసుగొచ్చిందని నాకు అనిపిస్తోంది. నిజమో కాదో తెలీదు, కానీ అనిపిస్తోంది" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "చూశాను. టైమ్ అయిపోతే మీరు చెప్తున్నది సగంలో ఆగిపోతుందేమోనని చూశాను. అది మీకెలా తగిలిందో చెప్పండి" అన్నారు.

'అనిపిస్తోంది' అన్న ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఏళ్లు పట్టింది. కోపం తగ్గలేదు. కోపం ఉండగానే కూర్చోగలిగాను.

విహారి గారూ, కుర్చీలో కూర్చోగలగడం మీ డీబీటీ స్కిల్స్ వల్లే వచ్చింది. కానీ 'విసుగు' అన్నది నేను నాలోంచి తీసి ఆవిడ ముఖం మీద పెట్టానని అర్థమైంది వేరే పద్ధతిలో. నాకు రెండూ కావాల్సి వచ్చాయి. లినహాన్ గారు 2011లో తనూ చిన్న వయసులో తనను తాను గాయపరచుకుని ఆసుపత్రిలో గడిపిన సొంత గతాన్ని బహిరంగంగా చెప్పినప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో మాటల్లో చెప్పలేను.

విహారి_డీబీటీ

కొత్త_పేజీ గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. 'అనిపిస్తోంది' అనగలగడాన్ని మేము వాస్తవాన్ని సరిచూసుకోవడం అంటాం. మీరు దాన్ని ప్రొజెక్షన్ తగ్గడం అంటున్నారు. ఒకే మార్పుని రెండు వైపుల నుంచి చూస్తున్నామని ఒప్పుకుంటాను. కానీ నేర్పాల్సిన క్రమం విషయంలో నా మాట మీదే ఉంటాను. ముందు కుర్చీలో కూర్చోవడం, ఆ తర్వాతే మిగతావి.

రఘురామ్

నేను ఒక తండ్రిని. నా కూతురు వయసు ఇరవై దాటింది. ఆమెను ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఒక నర్సుని దేవతలా చూసింది, ఇంకొకామెను చూస్తే వణికిపోయేది. చివరికి నర్సులిద్దరూ పోట్లాడుకున్నారు. ఫైల్లో 'మ్యానిప్యులేటివ్' అని రాశారు. ఆ ఒక్క పదం తర్వాత ప్రతి చోటికీ మాతో వచ్చింది. మందులు కూడా చాలా వాడాం. నా ప్రశ్నలు రెండు. ఆ అమ్మాయి నిజంగా మనుషుల మధ్య తగువులు పెడుతోందా? మందులతో ఈ డిఫెన్సులు తగ్గుతాయా?

వసుధ_సైకాలజిస్ట్

రఘురామ్ గారూ, ఆ పదం రాసినందుకు నాకు బాధగా ఉంది. జరిగేది ఇది. మెలనీ క్లైన్ 1946లో ప్రొజెక్టివ్ ఐడెంటిఫికేషన్ అని ఒక సంగతి వివరించారు. లోపల మోయలేని భావాన్ని ఎదుటివాళ్లలో ఉన్నట్టు చూడటం వరకే అయితే అది ప్రొజెక్షన్. ఇక్కడ ఇంకో అడుగు ముందుకు పడుతుంది. మన ప్రవర్తన వల్ల ఎదుటివాళ్లకి ఆ భావం నిజంగానే వచ్చేస్తుంది. 'నన్ను అసహ్యించుకుంటున్నావు' అని పదే పదే అంటూ ఉంటే ఓర్పు ఉన్న నర్సుకి కూడా చివరికి చిరాకు వస్తుంది. అప్పుడు 'చూశావా, నేను చెప్పలేదూ' అవుతుంది. ఒక నర్సు మీ అమ్మాయిలోని ఆశని మోసింది, ఇంకొకరు భయాన్ని మోశారు, ఆ తర్వాత వాళ్లిద్దరే కొట్లాడుకున్నారు. ఇందులో మీ అమ్మాయి పథకం ఏదీ లేదు.

ఇలాంటప్పుడు చేయాల్సిన పని టీమ్‌ది. రోజూ కాసేపు కూర్చుని 'నీకేం అనిపించింది, నాకేం అనిపించింది' అని ఒకరికొకరు చెప్పుకోవాలి. డీబీటీలో థెరపిస్టుల కన్సల్టేషన్ బృందం అన్నది చికిత్సలోనే ఒక భాగంగా ఉండటానికి కారణం కూడా ఇదేనని నేననుకుంటాను.

రెసిడెంట్_కె

మందుల గురించి నేను చెప్తాను, సైకియాట్రీ చదువుతున్నాను. బీపీడీకే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. బ్రిటన్‌లో ఆరోగ్య సంస్థ నైస్ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జబ్బుకోసమే, దీని లక్షణాల కోసమే మందులు వాడొద్దని చెప్పారు. మూడ్ ఊగిసలాటకి బాగా పనిచేస్తుందనుకున్న లామోట్రిజిన్‌ని 276 మందితో ఏడాది పాటు పరీక్షించారు. 2018లో ఫలితం వచ్చింది, డమ్మీ మాత్రకంటే మెరుగ్గా ఏమీ లేదు. డిప్రెషన్ లాంటిది విడిగా ఉంటే దానికి మందులు అవసరమే. కాబట్టి దయచేసి ఎవరూ సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడే తగ్గించాలి. కానీ మాత్ర మింగితే ప్రొజెక్షన్ తగ్గదు.

మాధవి_ఆర్

అందరికీ చాలా థ్యాంక్స్. 'ఇన్నాళ్లకి నిజం కనబడింది' అన్నది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా అక్క సరిగ్గా ఇదే మాట అంటుంది.

హాస్యం గురించి ఒకటి అడగాలి. అక్క ఈమధ్య జోకులు బాగా వేస్తోంది. కానీ కొన్ని వింటే భయమేస్తుంది, కొన్ని వింటే హాయిగా ఉంటుంది. రెండూ ఒకటేనా?

వసుధ_సైకాలజిస్ట్

ఒకటి కాదు. 'నేను చస్తే మీకు ఖర్చు తగ్గుతుంది' అన్నది జోకు రూపంలో ఉన్న దాడి, తన మీదా, మీ మీదా. దాన్ని నవ్వి వదిలేయకండి, నెమ్మదిగా 'నిజంగా అలా అనిపిస్తోందా' అని అడగండి. పై మెట్టు హాస్యంలో బాధ దాక్కోదు. బాధా కనబడుతుంది, దానితో పాటు ఊపిరాడే జాగా కూడా ఉంటుంది. విన్నవాళ్లు తేలికపడతారు. మీకు హాయిగా అనిపించినవి బహుశా అవే.

ఇంట్లో మీరు చూడగలిగేవి ఇంకా ఉన్నాయి. గొడవ జరగకుండా ఉండటం కంటే, గొడవ తర్వాత తను తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. 'నువ్వు ఎప్పుడూ ఇంతే' బదులు 'ఇవాళ నువ్వు ఇలా అన్నావు' అంటోందా? కోపంలో ఉన్నప్పుడు కూడా మీలో ఒక్క మంచి గుణమైనా గుర్తుందా? ఇవి నెమ్మదిగా వస్తాయి, టెన్షన్ పెరిగిన రోజుల్లో మళ్లీ పోతాయి. అలా పోయినంత మాత్రాన థెరపీ ఫెయిలైనట్టు కాదు.

మోడరేటర్

ఎవరైనా తమని తాము గాయపరచుకునే ఆలోచనలో ఉంటే ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడొద్దు. మీ డాక్టర్‌కో, దగ్గర్లోని ఎమర్జెన్సీకో వెంటనే వెళ్లండి, పక్కన ఒకరిని ఉంచుకోండి. చర్చ కొనసాగించవచ్చు.

రఘురామ్

చివరిగా ఒకటి. ఇన్ని థెరపీల పేర్లు వింటుంటే అయోమయంగా ఉంది. ఏది ఎంచుకోవాలి? ఇంకా, మా అమ్మాయి కోపమొచ్చినప్పుడల్లా మానేస్తానంటుంది. మానేస్తే వచ్చిన మార్పు పోతుందా?

సుజాత_రీసెర్చ్

పేరు కంటే పద్ధతిగా, ఓపిగ్గా చేయడం ముఖ్యం అని డేటా చెప్తోంది. క్లార్కిన్ బృందం 2007లో 90 మందిని మూడు రకాల చికిత్సలకి పంపితే మూడింట్లోనూ మనుషులు మెరుగయ్యారు. ఆ మూడింటిలో ఒకటి ట్రాన్స్‌ఫరెన్స్ ఫోకస్డ్ థెరపీ. థెరపిస్ట్‌తో ఆ క్షణంలో జరుగుతున్న స్ప్లిట్టింగ్ మీదే నేరుగా పనిచేసే పద్ధతి అది. తన మనసునీ ఎదుటివాళ్ల మనసునీ ఆలోచించి చూసే శక్తి పెరిగింది మాత్రం ఆ గుంపులోనే. 2009లో మెక్‌మెయిన్ 180 మందితో డీబీటీని పద్ధతి ప్రకారం చేసే సాధారణ సైకియాట్రిక్ చికిత్సతో పోల్చితే పెద్ద తేడా రాలేదు. బేట్‌మన్, ఫోనగీల మెంటలైజేషన్ థెరపీ (తన మనసులో, ఎదుటివాళ్ల మనసులో ఏం జరుగుతోందో ఆలోచించడం నేర్పేది) తీసుకున్నవాళ్లని, చికిత్స మొదలైన ఎనిమిదేళ్లకి చూస్తే 13 శాతం మందికే ఇంకా బీపీడీ ప్రమాణాలు వర్తించాయి. మామూలు చికిత్స తీసుకున్న గుంపులో అది 87 శాతం. కాబట్టి మీకు అందుబాటులో, శిక్షణ ఉండి, మీ అమ్మాయిని చూసి భయపడని మనిషి దొరికితే అదే మంచి థెరపీ.

మార్పు పోతుందా అంటే, జనరీనీ అధ్యయనంలో రెండేళ్లు నిలకడగా ఉన్నవాళ్లలో 36 శాతం మందికి లక్షణాలు తిరిగొచ్చాయి, ఎనిమిదేళ్లు ఉన్నవాళ్లలో 10 శాతానికే.

కొత్త_పేజీ

రఘురామ్ గారూ, నేను చాలాసార్లు మానేశాను. ప్రతిసారీ మానేసింది కోపంలోనే. తర్వాతి థెరపిస్ట్ మొదటి సెషన్లోనే నాతో ఒక ఒప్పందం చేసుకున్నారు. మానేయాలనిపిస్తే ఫోన్లో చెప్పకూడదు, ఆ మాట చెప్పడానికే ఒక సెషన్‌కి రావాలి, వచ్చి చెప్పాక వెళ్లిపోతే ఆపరు. ఆ ఒక్క సెషన్లో మాట్లాడుకున్నదే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే కోపం పూర్తిగా అక్కడే ఉంది, ఆవిడా అక్కడే ఉన్నారు. మీ అమ్మాయి ఇప్పటి థెరపిస్ట్‌తో అలాంటి ఒప్పందం ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే పెట్టుకోమని అడగండి, అదీ మీ అమ్మాయి ప్రశాంతంగా ఉన్న రోజున, ఆమె ఎదురుగానే.